మీ ఇంట్లో తోడు ఎక్కడిది?

(చిన్న ఆహార యూనిట్లు పెట్టాలనుకునే యువత కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సమావేశంలో, నగర శివార్లలోని పాల ప్లాంటుల్లో ముప్పై ఏళ్లకు పైగా ప్రొడక్షన్ చూసిన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

వెనక వరసలో వినబడుతోందా? సరే. మెషీన్ల చప్పుడు మధ్య మాట్లాడిన గొంతు నాది, గట్టిగానే ఉంటుంది. వినబడకపోతే చెయ్యెత్తండి.

ముందుగా ఒక ప్రశ్న. నిన్న రాత్రి ఎవరింట్లో పాలు తోడు పెట్టారు? చేతులెత్తండి. ఓ, చాలామందే ఉన్నారు, సంతోషం. ఆ తోడు ఎక్కడిది? మొన్నటి పెరుగులోది. మొన్నటి పెరుగుకి తోడు? అంతకుముందు రోజుది. అలా వెనక్కి వెళ్లండి. ఎక్కడ ఆగుతారు? పక్కింటి గిన్నెలో ఆగుతారు. ఇల్లు మారినప్పుడు, ఊరెళ్లి వచ్చినప్పుడు, ఇంట్లో పెరుగు చుక్క లేనప్పుడు చిన్న గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొడతాం. "తోడుకి కాస్త పెరుగు ఉందా అక్కా?" అంటాం. లేదనే ఇల్లు నేనైతే చూడలేదు.

మన భాషలో తోడు అంటే చేమిరి. తోడు అంటే వెంట ఉండే మనిషి కూడా. ఈ రెండూ ఒకే మాట ఎందుకయ్యాయో పండితులు చెప్పాలి. నేను పండితుణ్ణి కాను, పాలవాణ్ణి. కానీ ఈ రోజు చెప్పబోయే కంపెనీ కథకి ఆ రెండు అర్థాలూ కావాలి. అందుకే ఇక్కడి నుంచి మొదలుపెట్టాను.

ఆ కంపెనీ పేరు చోబానీ. అమెరికాది. గ్రీక్ యోగర్ట్ చేస్తారు. మీలో కొందరు జిమ్‌కి వెళ్లేవాళ్లు ఆ పేరు వినే ఉంటారు. 2007లో మొదటి కప్పు అమ్మిన కంపెనీ 2012కల్లా ఏడాదికి 100 కోట్ల డాలర్ల అమ్మకాలకు చేరింది. ఐదేళ్లు! సాఫ్ట్‌వేర్ కాదు బాబూ, పెరుగు. రెండు రోజులు ఎండలో పెడితే పాడైపోయే సరుకు. ఎలా పెరిగింది? దాని గురించి చాలామంది చాలా రాశారు, మార్కెటింగ్ అన్నారు, బ్రాండింగ్ అన్నారు. నేను ప్లాంటులో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు కనిపించింది నేను చెప్తాను.

ముందు సరుకు సంగతి. గ్రీక్ యోగర్ట్ అంటే భయపడాల్సిందేం లేదు. మీ అమ్మమ్మ గడ్డ పెరుగుని పల్చటి బట్టలో మూట కట్టి, కింద గిన్నె పెట్టి, కొక్కేనికి వేలాడదీసిందనుకోండి. పొద్దున్నకి నీళ్లన్నీ కిందికి దిగిపోతాయి. బట్టలో మిగిలిందే అది. మరాఠీ, గుజరాతీ ఇళ్లలో దాన్ని చక్కా అంటారు, అందులో పంచదార, యాలకులు కలిపితే శ్రీఖండ్. మన హోటళ్లలో కబాబులకు మసాలా పట్టించడానికి వాడే హంగ్ కర్డ్ కూడా ఇదే. టర్కీలో చేస్తారు, లెబనాన్‌లో చేస్తారు, గ్రీసులోనూ చేస్తారు. మరి గ్రీకు పేరెందుకు వచ్చింది? ఏథెన్స్‌లో 1926లో మొదలైన ఫాయే అనే కంపెనీ ఈ వడకట్టిన పెరుగుని అమెరికాకి ముందు పట్టుకెళ్లింది. ఆ పేరు అక్కడ అలా స్థిరపడింది. తర్వాత చోబానీ ఇంగ్లండుకి వెళ్లి, అమెరికాలో చేసిన సరుకు మీద 'గ్రీక్' అని రాసి అమ్మబోతే ఫాయే కోర్టుకెక్కింది. అక్కడివాళ్లకు గ్రీక్ యోగర్ట్ అంటే గ్రీసులో తయారైనదే అని 2013లో లండన్ హైకోర్టు తేల్చింది, 2014లో అప్పీలు కోర్టూ అదే మాట అంది. పేరు పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మీ డబ్బా మీద ప్రతి మాటకీ ఒకరోజు సమాధానం చెప్పాల్సి రావచ్చు.

ఫ్యాక్టరీలో అయితే బట్ట ఉండదు. వెన్న తీసిన పాలని తొంభై డిగ్రీల దాకా వేడిచేసి కొన్ని నిమిషాలు ఉంచుతాం. నలభై రెండు, నలభై మూడు డిగ్రీలకి చల్లార్చి కల్చర్ వేస్తాం, అంటే తోడే. అందులో ముఖ్యంగా రెండు రకాల బ్యాక్టీరియా ఉంటాయి, లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకోకస్ థర్మోఫిలస్. ఇవి కూడా ఒకదానికొకటి తోడే. ఒకటి చేసిపెట్టింది తిని రెండోది పెరుగుతుంది, రెండోది చేసిపెట్టింది తిని మొదటిది పెరుగుతుంది. విడివిడిగా పెట్టండి, రెండూ నెమ్మదిస్తాయి. పులుపు కొలత అయిన పీహెచ్ 4.6 దగ్గరికి దిగి పెరుగు తోడుకున్నాక దాన్ని కలిపి సెపరేటర్‌లోకి పంపిస్తాం. గిర్రున తిరుగుతూ తేటని, అంటే పెరుగులోని నీళ్లని, ఒకవైపు, చిక్కటి పెరుగుని ఒకవైపు విడదీస్తుంది. మూడు కిలోల పాలు పోస్తే సుమారు కిలో పెరుగు వస్తుంది. మామూలు పెరుగులో వంద గ్రాములకు మూడు నాలుగు గ్రాముల ప్రోటీన్ ఉంటే ఇందులో తొమ్మిది పది గ్రాములు. మిగతా రెండు కిలోలు ఏమయ్యాయి? ఆ రెండు కిలోలని మర్చిపోకండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాను. చాలా ముఖ్యం అది.

ఇప్పుడు మనిషి సంగతి. హమ్దీ ఉలుకాయా. టర్కీలో తూర్పున ఎర్జింజాన్ రాష్ట్రం, కుర్దు కుటుంబం. గొర్రెలు, మేకలు మేపుకుంటూ కొండలెక్కి దిగే కుటుంబం. ఇంట్లోనే జున్ను, ఇంట్లోనే పెరుగు. 1994లో ఇంగ్లిష్ నేర్చుకుందామని అమెరికా వెళ్లాడు. కొన్నేళ్లకి తండ్రి చూడటానికి వచ్చి, అక్కడి దుకాణంలో దొరికే ఫెటా చీజ్ తిని, ఇదేం చీజ్, నువ్వే చెయ్యరాదా అన్నాడట. అలా 2002లో న్యూయార్క్ రాష్ట్రంలో జాన్స్‌టౌన్ అనే ఊళ్లో చిన్న చీజ్ యూనిట్ పెట్టాడు. దాని పేరు యూఫ్రటీస్. వాళ్ల ఊరి పక్కన పారే నది పేరు అది.

2005లో ఒకరోజు టపాలో ఒక ప్రకటన వచ్చింది. 'అన్ని యంత్రాలతో యోగర్ట్ ఫ్యాక్టరీ అమ్మబడును' అని. చెత్తబుట్టలో పడేశాడు. అరగంట తర్వాత లేచి వెళ్లి చెత్తబుట్టలోంచి తీసుకున్నాడు. మర్నాడు వెళ్లి చూశాడు. సౌత్ ఎడ్మెస్టన్ అనే చిన్న పల్లె, ఎనభై ఏళ్లు దాటిన ఫ్యాక్టరీ. క్రాఫ్ట్ అనే పెద్ద కంపెనీ దాన్ని మూసేస్తోంది. చివరి రోజుల్లో యాభై అయిదు మంది మిగిలారు. వాళ్లే ఆ ఫ్యాక్టరీని విడదీసి, మూసేసి, ఇంటికి వెళ్లిపోవాలి.

ఇక్కడ కాస్త ఆగుతాను.

నేను పనిచేసిన ఒక ప్లాంటు కూడా మూతపడింది. పేరు చెప్పను. మూత పడిన రోజు నేనున్నాను. చివరి బ్యాచ్ అయిపోయాక పైపులన్నీ కాస్టిక్‌తో కడిగాం. మర్నాడు పాలు రావని తెలుసు. అయినా కడిగాం, ఎప్పటిలాగే కడిగాం, నీళ్లు తేటగా వచ్చేదాకా. మాలో ఒకాయన పాశ్చరైజర్, అంటే పాలు కాచే యంత్రం మీద ఇరవై రెండేళ్లు ఉన్నాడు. పాలలో వెన్నని సమంగా కలిపే హోమోజినైజర్ శబ్దం విని, గేజు చూడకుండా ప్రెషర్ ఎంతుందో చెప్పేవాడు. ఇంకొకాయన క్యాను మూత తీసి వాసన చూస్తే చాలు, ఏ రూటు పాలలో తేడా వచ్చిందో చెప్పేవాడు. ల్యాబు రిపోర్టు తర్వాత వచ్చేది, అదే మాట చెప్పేది. ఆ మొదటాయన ఇప్పుడు కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. రెండో ఆయన ఆటో నడుపుతున్నాడు. కష్టపడి బతుకుతున్నారు, గౌరవంగా బతుకుతున్నారు. కానీ ఆ చెవి ఏమైంది? ఆ ముక్కు ఏమైంది? మెషీన్లని పాత ఇనుము వాడు కిలోల లెక్కన తూకం వేసి తీసుకెళ్లాడు. ఈ చెవికి, ఈ ముక్కుకి తూకం వేసినవాడు లేడు.

అందుకే ఉలుకాయా కథలో నా కళ్లు అక్కడే నిలబడిపోతాయి. లాయరు వద్దన్నాడు, అంత పెద్ద కంపెనీయే వదిలేస్తోందంటే అందులో లాభం లేదనేగా అన్నాడు. చేతిలో డబ్బులు లేవు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ హామీతో ఇచ్చే అప్పు తీసుకుని, దాదాపు 7 లక్షల డాలర్లకి ఆ ఫ్యాక్టరీ కొన్నాడు. కొని మొదట చేసిందేమిటి? మూతపడిన ఆ ప్లాంటులోని పాతవాళ్లని నలుగురైదుగురిని పనిలోకి తీసుకున్నాడు. ఆ మొదటి కొద్దిమందికి మొదటి పనేమిటో తెలుసా? గోడలకి తెల్ల రంగు వెయ్యడం. తనూ కలిసి వేశాడు. ఇంతకంటే ఇంకేమైనా ఆలోచన ఉందా అని వాళ్లలో ఒకరు అడిగారట కూడా. అప్పటికి లేదు. కానీ ఆ గోడలు తెల్లబడేటప్పుడు ఆ మనుషులు ఎక్కడికీ పోలేదు. చూడండి, అక్కడ ఏ బాయిలరు ఎప్పుడు మొరాయిస్తుంది, ఏ వాల్వు ఎటు తిప్పాలి, ఏ పైపులో నీళ్లు నిలుస్తాయి, ఇవన్నీ వాళ్ల చేతుల్లో ఉన్నాయి. కొత్తవాడికి అది నేర్చుకోవాలంటే రెండేళ్లు, రెండేళ్ల నష్టం. పాత పెరుగు ఒక చెంచా ఉంచుకున్నాడు. కొత్త పాలలో వేశాడు. నేను తోడు అన్నది దీన్నే.

రుచి కుదరడానికి ఏడాదిన్నర పైనే పట్టింది. టర్కీ నుంచి పెరుగు తెలిసిన మాస్టర్‌ని తెచ్చుకున్నాడు. కొత్త సెపరేటర్ కొనే స్తోమత లేక విస్కాన్సిన్‌లో వాడేసినది వెతికి కొన్నాడు. కప్పు మాత్రం అప్పటిదాకా అక్కడ వాడుతున్న పొడుగు సన్నపు కప్పు వద్దన్నాడు, వెడల్పుగా, పొట్టిగా ఉండే కప్పు చేయించాడు. అచ్చుకే బోలెడు ఖర్చయింది. పేరు చోబానీ, టర్కీ భాషలో గొర్రెల కాపరి అనే మాట నుంచి వచ్చింది. మన దగ్గర గొల్ల అన్నట్టు అనుకోండి.

అమ్మకం సంగతి

2007 అక్టోబరులో మొదటి సరుకు న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో ఒక దుకాణానికి వెళ్లింది. తర్వాత పెద్ద సూపర్‌మార్కెట్ల దగ్గరికి వెళ్తే ఏమన్నారు? లిస్టింగ్ ఫీజు, అంటే సరుకుకి అరలో చోటిచ్చేందుకు డబ్బు, కట్టమన్నారు. మీలో ఇప్పటికే ఏదైనా సరుకు పట్టుకుని మన దగ్గరి సూపర్‌మార్కెట్ల చుట్టూ తిరిగినవాళ్లుంటే నవ్వుతున్నారు, అర్థమైంది. ప్రతి రుచికీ ఇంత, ప్రతి బ్రాంచికీ ఇంత అని లెక్క వేస్తారు. ఆయన దగ్గర డబ్బు లేదు. ఏమడిగాడు? ఫీజు ఒక్కసారి కట్టలేను, సరుకు అమ్ముడైన కొద్దీ ఆ బిల్లుల్లోంచి కోసుకోండి అన్నాడు. ఇంకో షరతు పెట్టాడు. నా సరుకుని ఖరీదైన విదేశీ సరుకుల మూలకి తోయొద్దు, అందరూ పాలూ పెరుగూ కొనే వరసలోనే పెట్టండి అన్నాడు. ఈ రెండో మాట చాలా పెద్ద మాట. అప్పటిదాకా వడకట్టిన పెరుగు తెలిసినవాళ్లు మాత్రమే కొనే సరుకు. దాన్ని పాలప్యాకెట్ పక్కకి తెచ్చాడు. ఫీజు కోసుకోవడం అనుకున్నదానికంటే ఎంతో ముందే అయిపోయింది. 2009 నాటికి పెద్ద పెద్ద గొలుసు దుకాణాలు వచ్చి చేరాయి. 2007లో అమెరికా పెరుగు మార్కెట్‌లో ఒక శాతం కూడా లేని గ్రీక్ రకం, కొన్నేళ్లకే సగానికి దగ్గరగా వచ్చింది. 2014లో న్యూయార్క్ రాష్ట్రం పెరుగుని తమ అధికార చిరుతిండిగా ప్రకటిస్తూ చట్టమే చేసింది. చట్టం!

ఈ మధ్యలో బయటి పెట్టుబడిదారుణ్ణి ఎవరినీ తీసుకోలేదు. బ్యాంకు అప్పు, అమ్మకం డబ్బు, మళ్లీ ఫ్యాక్టరీలోకి. అంత వేగంగా పెరిగేటప్పుడు ఇది ఎంత టెన్షనో ప్లాంటులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. లైన్ పెంచాలి, చిల్లర్ పెంచాలి, పాలు తేవాలి, ట్యాంకర్లు నిలబెట్టాలి. ఒక్కటి తగ్గినా మిగతావన్నీ ఖాళీగా కూర్చుంటాయి.

ఇక పెరగడంలో వచ్చే చిక్కు. 2012 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ట్విన్ ఫాల్స్ దగ్గర రెండో ఫ్యాక్టరీ తెరిచారు. 45 కోట్ల డాలర్లు. దాదాపు పది లక్షల చదరపు అడుగులు. 326 రోజుల్లో కట్టారు. ప్రపంచంలోనే అతి పెద్ద యోగర్ట్ ఫ్యాక్టరీ అన్నారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2013 సెప్టెంబరులో, ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కప్పులు ఉబ్బుతున్నాయి, బుసబుస పొంగుతున్నాయి అని జనం చెప్పడం మొదలుపెట్టారు. మ్యూకార్ అనే బూజు. మొదట దుకాణాల నుంచి మెల్లగా తీయించారు, తర్వాత బహిరంగంగా వెనక్కి పిలిపించారు. తిని ఒంట్లో బాగాలేదని ప్రభుత్వానికి చెప్పుకున్నవాళ్లు రెండొందల మందికి పైనే.

ఇది ఆయన తప్పు, ఈయన తప్పు అని చెప్పడానికి నేనెవరిని? కానీ కప్పు ఉబ్బడం అంటే ఏమిటో నాకు తెలుసు. నా చేతుల మీదుగా జరిగింది కాబట్టి తెలుసు. ఒక ఎండాకాలం, మామిడి గుజ్జు కలిపిన పెరుగు చేస్తున్నాం. మూడో రోజుకి మూతలు పైకి లేచాయి. ఈస్ట్. మొదట గుజ్జు డ్రమ్ములు అనుమానించాం. పరీక్షిస్తే శుభ్రం. కల్చర్ అనుమానించాం. శుభ్రం. కప్పులు, మూతలు, పైపులు, చేతులు, అన్నీ చూశాం. తొమ్మిది రోజులు. ప్రతి రోజూ సరుకు పారబోస్తున్నాం. తొమ్మిదో రోజు, రాత్రి షిఫ్టులో ఫ్లోరు కడిగే ఆమె నా దగ్గరికి వచ్చి అంది, "సార్, ఫిల్లింగ్ మెషీన్ మీదున్న ఏసీ నుంచి రెండు మూడు చుక్కలు పడుతుంటాయి, తెల్లవారుజామున మాత్రమే" అని. పగలు పడవు. పగలు వచ్చే ఇంజినీరుకి కనబడవు. పైకెక్కి చూస్తే ఏసీ ట్రేలో నీళ్లు నిలిచి, జిగురు పట్టి ఉంది. అక్కడుంది ఈస్ట్.

ఆమెని అంతకుముందు ఒక్కరోజైనా మేము మీటింగుకి పిలిచామా? పిలవలేదు. తొమ్మిది రోజులు మేము పది మందిమి ఆఫీసు గదిలో కూర్చుని చర్చించాం. తెలిసిన మనిషి బయట మాప్ పట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి నేను ఎక్కడ పనిచేసినా పొద్దున్నే మొదట మాట్లాడేది రాత్రి షిఫ్టు క్లీనింగ్ వాళ్లతోనే. పెద్ద ఫ్యాక్టరీ కట్టడానికి 326 రోజులు చాలు. తెల్లవారుజామున ఏ మూల చుక్క పడుతుందో తెలిసిన మనిషి తయారవడానికి చాలవు. సౌత్ ఎడ్మెస్టన్‌లో ఆ మనుషులు ముందే ఉన్నారు. ట్విన్ ఫాల్స్‌లో కొత్తగా తయారవ్వాలి. నా మట్టుకు నేను ఆ తేడాని అలా అర్థం చేసుకున్నాను.

కంపెనీ నిలబడింది. 2014లో టీపీజీ అనే పెట్టుబడి సంస్థ దగ్గర 75 కోట్ల డాలర్లు తీసుకున్నారు. అంతదాకా ఒంటరిగా నడిపిన మనిషికి అదెలా ఉంటుందో ఊహించుకోండి. ఇక్కడ వేగంగా వెళ్తాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగింది నాకు ఎక్కువ ముఖ్యం. 2016 ఏప్రిల్‌లో ఆయన ఫ్యాక్టరీకి వచ్చి పనివాళ్ల చేతికి కవర్లు ఇచ్చాడు. దాదాపు రెండు వేల మంది పూర్తికాలపు ఉద్యోగులకి కంపెనీలో పది శాతం వరకు వాటా. ఎన్నేళ్ల నుంచి ఉంటే అంత ఎక్కువ. లైన్ మీద నిలబడే మనిషికి, లోడింగ్ చేసే మనిషికి. అక్కడ పనిచేసేవాళ్లలో ఇరాక్ నుంచి, ఆఫ్రికా నుంచి, యుద్ధాల్లోంచి పారిపోయి వచ్చిన శరణార్థులు కూడా ఉన్నారు. వాళ్లని పెట్టుకున్నందుకు ఆయన్ని బెదిరించారు కూడా. ఆయన వాళ్లని తీసెయ్యలేదు.

అమెరికాలో ఇది పెద్ద వార్త అయింది. మనకు? మనకు ఇది కొత్త కాదు కదా! ములుకనూరు వెళ్లండి. అక్కడి ఆడవాళ్లు 2000 సంవత్సరంలో తమ డెయిరీ తామే పెట్టుకున్నారు, స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నారు. పాలు పోసే ఆమే యజమాని. మేనేజింగ్ కమిటీలో కూర్చునేది ఆమే. అమూల్ పుట్టిన ఆణంద్‌లో 1946 నుంచి ఇదే పద్ధతి. పాలు పోసేవాళ్లకి వాటా ఇవ్వడం మనం నేర్చుకున్నాం. ప్లాంటులో పనిచేసేవాళ్లకి ఇవ్వడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. మీరు కొత్తగా పెడుతున్నారు కదా, మొదటి రోజే రాసుకోండి. తర్వాత ఇద్దాంలే అనుకుంటే ఆ తర్వాత అనేది రాదు, నేను చూశాను.

ఆ రెండు కిలోల సంగతి

ఇప్పుడు ఆ రెండు కిలోలు. గుర్తుందా? మూడు కిలోల పాలకి కిలో పెరుగు, రెండు కిలోల తేట.

జున్ను నుంచి వచ్చే తేట తియ్యగా ఉంటుంది, దాంట్లోంచే వే ప్రోటీన్ పొడి తీస్తారు. గ్రీక్ యోగర్ట్ తేట పుల్లగా ఉంటుంది, ప్రోటీన్ తక్కువ, ఆరబెట్టి పొడి చెయ్యడం కష్టం. దీన్ని కాలవలోకి వదిలేస్తే? దాని బీఓడీ, అంటే నీళ్లలోని ఆక్సిజన్‌ని ఎంత లాగేస్తుందనే లెక్క, మామూలు మురుగునీటి కంటే వంద రెట్లకు పైన ఉంటుంది. అంటే నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా అది లాగేసుకుంటుంది, చేప బతకదు. అమెరికాలో ఈ సరుకు పెరిగినకొద్దీ ఈ తేట పెద్ద తలనొప్పి అయింది. చోబానీ వాళ్లు దాన్ని రైతులకి పశువుల దాణాలో కలుపుకోవడానికి పంపించారు, పొలాలకి పంపించారు, నీళ్లు వేరుచేసే ఏర్పాట్లు పెట్టుకున్నారు.

మీరు రోజుకి మూడు టన్నుల పాలతో మొదలుపెట్టారనుకుందాం. చిన్న యూనిటే. రోజూ రెండు టన్నుల తేట. ఎక్కడికి పంపిస్తారు? ఇప్పుడే చెప్పండి. ఎవరైనా? ఎవరూ చెప్పడం లేదు. చూశారా, ప్రాజెక్టు రిపోర్టులో కప్పు డిజైనుకి ఒక పేజీ ఉంటుంది, ఇన్‌స్టాగ్రామ్‌కి ఒక పేజీ ఉంటుంది. దీనికి ఒక గీత ఉండదు. ఈ ఊళ్లో కాలవలు కలిసేది ఎక్కడో మనందరికీ తెలుసు. మూసీ ఒడ్డున పుట్టినవాణ్ణి నేను. చిన్నప్పుడు అందులో దిగినవాళ్లం. దయచేసి, యూనిట్ పెట్టకముందే చుట్టుపక్కల గేదెల షెడ్లు ఎన్ని ఉన్నాయో చూడండి, వాళ్లతో మాట్లాడండి, పశువుల డాక్టరుని అడిగి ఎంత పోయవచ్చో తెలుసుకోండి. ఇంట్లో మా ఆవిడ అయితే ఆ తేటతో చపాతీ పిండి కలుపుతుంది, పప్పుచారులో పోస్తుంది. చాలా బాగుంటుంది. కానీ రెండు టన్నుల పప్పుచారు కాచలేం కదా.

మన దగ్గర ఈ సరుకుకి చోటుందా అని నన్ను చాలామంది అడుగుతారు. ఉంది. 2015లో ముంబయి నుంచి ఎపిగామియా వచ్చింది, తమిళనాడు నుంచి మిల్కీ మిస్ట్ వచ్చింది, ఇప్పుడు మన వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో కూడా కప్పులు కనబడుతున్నాయి. ప్రోటీన్ అనే మాట అందరి నోటా ఉంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఏమంటారో చూడండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ చాలంటారు. 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో ప్రోటీన్ పొడుల జోలికి వెళ్లొద్దన్నారు, తిండి నుంచే తీసుకోమన్నారు. మీ సరుకు తిండే. అది చాలు, అంతకుమించి డబ్బా మీద గొప్పలు రాయకండి. ఇంకొకటి, కొందరు వడకట్టకుండా పాలపొడి, పిండి పదార్థం, జెలటిన్ కలిపి చిక్కగా చేస్తారు. తిన్నవాడికి మొదటి చెంచాలో తెలియదు. నాలుగో రోజు కప్పు తెరిస్తే తెలుస్తుంది.

మన పాలు గేదె పాలు. వెన్న ఆరేడు శాతం ఉంటుంది. ఆ వెన్న ముందు తీసి నెయ్యి చేసుకుంటే ఆ డబ్బే మీ యూనిట్‌ని మొదటి ఏడాది బతికిస్తుంది. గేదె పాల పెరుగు వడకడితే ఎంత గట్టిగా, ఎంత తెల్లగా వస్తుందో ఒకసారి చేసి చూడండి. అసలు కష్టం ఏప్రిల్, మే నెలల్లో. ఘట్‌కేసర్‌లోనో మేడ్చల్‌లోనో నాలుగు డిగ్రీల దగ్గర బయల్దేరిన కప్పు, బైకు మీద సంచీలో గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ముప్పావు గంట నిలబడితే ఎన్ని డిగ్రీలకి చేరుతుంది? థర్మామీటర్ పెట్టి మీరే కొలవండి. బైకు నడిపే అబ్బాయిని కూడా అడగండి, ఏ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగుతాడో అతనికే తెలుసు.

చోబానీ ఇప్పుడెక్కడుంది? 2023లో 90 కోట్ల డాలర్లు పెట్టి లా కొలంబ్ అనే కాఫీ కంపెనీని కొన్నారు. 2025లో న్యూయార్క్ రాష్ట్రంలోనే రోమ్ అనే ఊళ్లో 120 కోట్ల డాలర్లతో కొత్త ఫ్యాక్టరీ కడతామని ప్రకటించారు. వెయ్యి ఉద్యోగాలు అన్నారు. సౌత్ ఎడ్మెస్టన్ ఫ్యాక్టరీ మాత్రం మూయలేదు. ఇప్పటికీ నడుస్తోంది.

టైము అయిపోయిందంటున్నారు. ఒక్క నిమిషం. ఈ కాగితం చూడండి. ఇందులో పదకొండు పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. మూతపడిన మా ప్లాంటులో పనిచేసినవాళ్లు. వాళ్లందరినీ అడిగే రాసుకొచ్చాను. పాశ్చరైజర్ మీద చేసినవాళ్లు ఇద్దరు, కోల్డ్ రూమ్ చూసినవాళ్లు ముగ్గురు, బాయిలర్ ఒకరు, ఏసీ చుక్కల సంగతి చెప్పిన ఆమె కూడా ఉన్నారు. వయసు యాభై దాటిందని ఎవరూ పిలవడం లేదు. యూనిట్ పెట్టేవాళ్లు, పెట్టినవాళ్లు టీ దగ్గర నన్ను కలవండి. మీ ఎదురుగానే వాళ్లకి ఫోన్ చేసి మాట్లాడిస్తాను. వాచ్‌మన్‌గా ఉన్నాయన ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కుతారు, అందుకని ముందు ఆయనకి చేద్దాం.